చివరి ప్యానెల్ మీద నీడ

ఏప్రిల్ 11

మధ్యాహ్నం రెండుంపావుకి మా చెల్లెలి నీళ్ళ ట్యాంకు నీడ నా పడమటి చివరి సోలార్ ప్యానెల్ మీద పడింది.

ట్యాంకు ఈ ఉదయమే పెట్టారు. చెల్లెలి డాబా, మా డాబా పక్కపక్కనే. మధ్యలో పిట్టగోడ ఒకటే అడ్డం. వెల్డింగ్ అతను మనిషెత్తు దాటిన ఇనప స్టాండు బిగించాడు, దాని మీదకి నల్లటి ట్యాంకు తాళ్ళతో లాగారు. నేను కింద నిలబడి చూస్తూనే ఉన్నాను. "తాడు వదలకండి, తాడు వదలకండి" అని అరిచింది కూడా నేనే. పొద్దున పూట దాని నీడ వాళ్ళ వైపు వీధిలోకి పోతుంది. మధ్యాహ్నం సంగతి నాకు తట్టలేదు.

భోజనం చేసి, ప్యానెళ్ళు ఎంత కరెంటు ఇస్తున్నాయో ఫోన్‌లో చూశాను. రోజూ కొండలా ఉండే గీత రెండుంపావు దగ్గర మెట్టు దిగినట్టు దిగింది. డాబా ఎక్కాను. పదింటిలో తొమ్మిది ప్యానెళ్ళు ఎండలో నిగనిగలాడుతున్నాయి. చివరిదాని మీద ఒక మూలకి, రోలంత నీడ.

ఆ కాస్త నీడకే పదీ చతికిలపడ్డాయి.

ఏప్రిల్ 12

ప్యానెళ్ళు బిగించిన కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేశాను.

"అవన్నీ ఒకే వరసలో కలిపాం కదండీ. గొలుసు లాంటిదన్నమాట. ఒకటి నీరసపడితే మిగతావాటినీ కిందకి లాగేస్తుంది."

"ఈ ముక్క అమ్మేటప్పుడు చెప్పలేదేం?"

"అప్పుడు నీడ లేదు కదండీ."

రెండు దార్లున్నాయన్నాడు. చివరి ప్యానెల్‌ని వరసలోంచి తప్పించి, తొమ్మిదితో నడుపుకోవడం. మనిషిని పంపితే పూట పని. లేదా నీడ తీయించుకోవడం.

"పది కొనుక్కున్నవాణ్ణి తొమ్మిది వాడుకోమంటావా?"

"నేనేమీ అనడం లేదు సార్. మీ డాబా, మీ ఇష్టం."

మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింది. "పదకొండోది లేదని ఎప్పుడైనా ఏడ్చామా? పదోది కూడా లేదనుకోండి" అంది.

ఆమెకి ఈ ప్యానెళ్ళంటే మొదటినుంచీ పడదు. బట్టలారేసుకునే తీగలు పోయాయి, సాయంత్రం కూర్చునే చోటు పోయింది. వాటిని సవతి అంటుంది. "నిద్ర లేచి నా మొహం ఏనాడైనా చూశారా? మేడ మీద దాని మొహం మాత్రం రోజూ చూస్తారు" అని.

ఏప్రిల్ 13

రెండుంపావు. మళ్ళీ.

ఏప్రిల్ 14

చెల్లెలితో మాట్లాడాను. పిట్టగోడకి ఇటు నేను, అటు అది. పక్కన తీగ మీద ఆస్పత్రి దుప్పట్లు.

బావ పనిచేసే నూలు మిల్లు మూతపడ్డాక ఆ ఇల్లు నడుస్తున్నది ఈ దుప్పట్ల మీదే. రెండు నర్సింగ్ హోముల నుంచి వ్యాన్ వస్తుంది, పై గదిలో పెద్ద మెషిన్లు రెండు, పనికి ఇద్దరు ఆడవాళ్ళు. ఇవన్నీ నాకు తెలియనివి కావు.

"ఆ ట్యాంకు ఉత్తరం మూలకి జరపవే. నీడ నా మీద పడుతోంది."

"ఆ మూల కింద గోడ లేదన్నయ్యా. వట్టి స్లాబు మీద అంత బరువు పెడితే ఏదో ఒక రోజు మా మంచం మీదకే దిగుతుందన్నాడు మేస్త్రీ."

"పోనీ స్టాండు తీసేసి కింద పెట్టు."

"కింద ఉన్నన్నాళ్ళూ చూశావుగా! పిల్లిపాల ధార. మెషిన్ సగం ఉతికి ఆగిపోయేది. ఆస్పత్రి దుప్పట్లు సగం ఉతికి పంపిస్తే నా మొహాన కొడతారు. ఆ ఎత్తుంటేనే నీళ్ళు తోసుకొస్తాయి."

"అసలు అంత ఎత్తు స్టాండుకి అనుమతి ఉండాలి. రూలుంది."

అది కాసేపు నా వంక చూసి నవ్వింది. "రూలా! నీ ప్యానెళ్ళు ఎక్కించడానికి నిచ్చెన మా ఇంట్లోంచి పట్టుకెళ్ళావు. బావ మీదనుంచి తాడు పట్టుకున్నాడు. అప్పుడు ఏ రూలు చూశాం?"

"వేళాకోళం కాదు."

"నాకూ కాదన్నయ్యా. రెండు గంటలు ఎండ తగ్గితే నీ ఇంట్లో పొయ్యి ఆగిపోతుందా?"

చెల్లెలి మీద నాకేం కోపం లేదు. విషయం ట్యాంకు గురించి.

ఏప్రిల్ 17

పదకొండింటికి కరెంటు పోయింది. మండే ఎండ. వీధంతా పోయింది, మాకూ పోయింది.

మొదటిసారి ఇలా అయినప్పుడే ఇంజినీరు చెప్పాడు. లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాకు తగలకుండా, వీధిలో కరెంటు పోగానే మా ప్యానెళ్ళ ఇన్వర్టర్ కూడా తనంతట తనే ఆగిపోతుంది. విడిగా బ్యాటరీలు పెట్టుకుంటేనే ఇంట్లో వెలుగుతుంది. మేం పెట్టుకోలేదు. ఎండున్నంతసేపూ కరెంటుంటుందని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పడం మానేశాను.

మా ఆవిడ పాత పేపరుతో విసురుకుంటూ, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మీ ఉలిపికట్టె నయం, ఊరితో పాటే పోయింది" అంది.

మోటారు ఆడక మా ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. స్నానాల గదిలో రెండు బకెట్లు నిండుగా ఉంటే తల మీద పోసుకుని వచ్చాను. భోజనం దగ్గర తెలిసింది. చెల్లెలి ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళు. వాళ్ళ ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి, కరెంటు లేకపోయినా కుళాయి తిప్పితే వస్తాయి.

ఏప్రిల్ 23

ఇంటి పన్ను కాగితంలో తప్పొకటి దిద్దించడానికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. ఆ తప్పు ఆరేళ్ళుగా ఉంది.

పత్రికలో పనిచేసినంత కాలం నేను రాసింది ఆ ఆఫీసు వార్తలే. రిటైరైనా లోపలికి వెళ్ళగానే కుర్చీ వేస్తారు. టౌన్‌ప్లానింగ్ సూపర్‌వైజర్ టీ చెప్పించాడు. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది కాబట్టి విలేకరులందరం అతన్ని టేపు అనేవాళ్ళం. అతనికీ తెలుసు, ఏమీ అనుకోడు.

"ఏం సార్, వార్తలేమిటి?" అన్నాడు.

"నా దగ్గరేముంటాయి. డాబాల మీద ఎవరికి వాళ్ళు స్టాండ్లు ఎక్కించేస్తున్నారు. ఒక్క గాలివాన వస్తే ఎవడి నెత్తిన పడతాయో!"

"ఎక్కడ సార్?"

"అన్నిచోట్లా. మా వీధిలోనూ ఉంది."

"మీ వీధిలోనా?" అన్నాడు.

నేను టీ తాగాను.

పేరు చెప్పలేదు. ఇంటి నంబరు చెప్పలేదు. ఫిర్యాదు చేయలేదు. మాటవరసకి అన్నాను.

ఏప్రిల్ 24

ఇన్నేళ్ళలో టేపుతో నేను మాటవరసకి అన్నవి: చేపల మార్కెట్ పక్క గోడ, సినిమా హాలు వాళ్ళు రోడ్డు మీదకి కట్టిన మెట్లు, బస్టాండు దగ్గర హోర్డింగులు. ఏదీ వారం దాటి నిలబడలేదు. వార్త రాయక ముందే పని అయిపోయేది. అది మా ఇద్దరి మధ్య ఉన్న పద్ధతి. అతనికి పేపర్లో పేరు చెడదు, నాకు రాసే శ్రమ తప్పుతుంది.

కాని అప్పుడు నేను పేపర్లో ఉన్నాను. ఇప్పుడు నా మాటకి అంత విలువేముంది.

ఏప్రిల్ 28

చెల్లెలు వచ్చింది. చేతులు తడిగానే ఉన్నాయి, పని మధ్యలో వచ్చినట్టుంది.

"అన్నయ్యా, ఆఫీసు నుంచి ఎవరో వచ్చి స్టాండు తీసేయమన్నారు. శుక్రవారం దాకా గడువట. నీకు అక్కడ అందరూ తెలుసు కదా! ఒక్క మాట చెప్పవా?"

మా ఆవిడ నన్ను చూసింది.

"చూస్తాను" అన్నాను.

"చూస్తాను కాదు, చెప్పు. రెండో నర్సింగ్ హోము వాళ్ళు ఈ నెల నుంచే ఆపరేషన్ గది బట్టలు కూడా ఇస్తామన్నారు. ఇప్పుడు నీళ్ళు ఆగితే మొత్తం పోతుంది."

"మరి నేను ఉత్తరం మూలకి జరపమన్నప్పుడు..."

"అన్నయ్యా, అది తర్వాత కొట్టుకుందాం. ముందు ఇది చూడు."

అది వెళ్ళాక మా ఆవిడ, "ఫోన్ చేస్తారా?" అంది. సాయంత్రం చేస్తానన్నాను.

ఏప్రిల్ 29

టేపు ఫోన్ ఎంగేజ్ వచ్చింది. ఒకసారి చేశాను.

ఏప్రిల్ 30

ఇవాళ చేయలేదు. ఇంతకీ ఏమని చెప్పాలి? అన్నవాణ్ణి నేనే, కాదనేవాణ్ణీ నేనేనా? ఖండన వేసిన వార్తకి ముందూ వెనకా గౌరవం ఉండదు.

మే 2

ఉదయం పదింటికి టేపు నలుగురు మనుషులతో వచ్చి ట్యాంకు దించాడు.

నేను డాబా మీద ప్యానెళ్ళు కడుగుతున్నాను. వారానికోసారి కడక్కపోతే దుమ్ము పొరకట్టి కూర్చుంటుంది. దానికి తోడు పావురాలు. ప్యానెళ్ళ కింద సందులో రెండు జంటలు కాపరం పెట్టాయి. కర్రతో తోస్తే అవతలి వైపు నుంచి దూరతాయి. నేను ఆ పనిలో ఉన్నానని రాసుకుంటున్నాను, ఎందుకంటే చూడడానికి ఎక్కానని మా ఆవిడ అంటోంది.

నీళ్ళు ముందుగా తోడేయనివ్వండి అని బావ బతిమాలాడు. వాళ్ళు ఆగలేదు, తూము విప్పేశారు. నీళ్ళన్నీ మెట్ల మీదుగా వీధిలోకి పోయాయి. ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మూట ఒకటి కింది మెట్టు మీద ఉంది, అది తడిసింది. చెల్లెలు దాన్ని ఎత్తుకుని పక్కకి జరిగింది. అది ఏడవలేదు. "ఆ బోల్టులు జాగ్రత్తగా విప్పండి బాబూ, మళ్ళీ పనికొస్తాయి" అంటోంది.

ఇనప స్టాండు కోసి కింద పడేశాక టేపు రుమాలుతో చేతులు తుడుచుకుంటూ తల పైకెత్తాడు. నన్ను చూశాడు. మొహం వెలిగింది.

"చూశారా సార్! మీరు చెప్పి పది రోజులు కాలేదు, పని అయిపోయింది!"

వీధిలో అందరికీ వినపడింది.

చెల్లెలు కూడా తల ఎత్తింది. మూట భుజం మార్చుకుని లోపలికి వెళ్ళింది.

మే 3

గీత కొండలా ఉంది. ఎక్కడా మెట్టు లేదు.

మే 4

మా ఆవిడ నిన్నటి నుంచి నాతో ఒకే మాట మాట్లాడింది. "తొమ్మిదితో బతకలేకపోయారా?"

నా వాదన రాసుకుంటున్నాను, ఎందుకంటే వినేవాళ్ళు లేరు. ఒకటి, స్టాండుకి అనుమతి లేదు, అది నిజం. గాలివానకి పడితే ప్రాణాలు పోతాయి, అదీ నిజమే. మూడోది, నేను ముందే మర్యాదగా అడిగాను.

నిజాలన్నీ నిజాలే. ఇలాంటి వార్త ఎవరైనా కుర్ర విలేకరి తెస్తే, "ఈ సంగతి నీకు చెప్పిందెవరు, వాడికేం లాభం?" అని అడిగేవాణ్ణి.

మే 9

పైనుంచి చూశాను. ట్యాంకు డాబా నేల మీద ఉంది. మెషిన్లోకి నీళ్ళు చాలక పని ఆడవాళ్ళిద్దరూ బకెట్లతో పోస్తున్నారు. బావ మూడో బకెట్. చెల్లెలు మెషిన్ మూత దగ్గర నిలబడి, "ఇంకా, ఇంకా, చాలు" అంటోంది. నన్ను చూసి బావ చెయ్యెత్తాడు. అలవాటు కొద్దీ ఎత్తి ఉంటాడు. మధ్యలోనే దించేశాడు.

మే 13

చెల్లెలు వాళ్ళు చిన్న మోటారు ఒకటి పెట్టుకోవచ్చు కదా అని మా ఆవిడతో అన్నాను. నీళ్ళు గట్టిగా తోసే ప్రెషర్ మోటారు. ఖర్చు నేను భరిస్తానని చెప్పమన్నాను.

వెళ్ళి వచ్చింది. "వద్దందండి. 'అన్నయ్యని ఆ ఖర్చుతో ఇంకో ప్యానెల్ కొనుక్కోమను వదినా' అంది."

"వెటకారమా?"

"కాదు. మామూలుగానే అంది. అదే నాకు భయమేసింది."

మే 19

వాన. పడగ్గదిలో మంచం మీద నీళ్ళు.

సరిగ్గా ప్యానెళ్ళ ఫ్రేము కాలికి బోల్టు దిగిన చోటే. బిగించేటప్పుడు స్లాబులో పన్నెండు కన్నాలు పెట్టారు, పన్నెండింటికీ నల్ల లేపనం పూశారు, జీవితాంతం ఢోకా లేదన్నారు. ఎవరి జీవితాంతమో అడగలేదు నేను.

మే 21

మేస్త్రీ వచ్చి చూశాడు.

"మీద ఈ బిడారం ఉండగా నేనేం చెయ్యలేను బాబుగారూ. మొత్తం దింపించండి, రెండు రోజుల్లో చేసిపెడతా."

కంపెనీకి ఫోన్ చేశాను. దింపడానికి ఒక చార్జీ, మళ్ళీ ఎక్కించడానికి ఒకటి. వేరేవాళ్ళ చేత దింపిస్తే గ్యారంటీ పోతుంది. కారడం గ్యారంటీలోకి వస్తుందా అంటే, "అది స్లాబు సమస్య సార్, ప్యానెల్ సమస్య కాదు" అన్నారు. మేస్త్రీని అడిగితే స్లాబు బాగానే ఉంది, బోల్టుదే తప్పంటాడు.

మంచం గోడ వైపు జరిపాం. బకెట్ పెట్టాం. రాత్రి మాటలు లేని గదిలో టప్, టప్.

మే 26

వ్యాన్ రాలేదు. రోజూ ఎనిమిదింటికి వచ్చి, వెనక్కి తిప్పుకుంటూ మా గేటు దగ్గర హారన్ కొట్టేది. ఎన్నిసార్లు తిట్టానో.

మే 27

ఇవాళా రాలేదు.

మే 30

పని ఆడవాళ్ళలో ఒకామె మా ఇంటికి వచ్చింది, ఎక్కడైనా పని ఉంటే చెప్పమని. రెండో నర్సింగ్ హోము వాళ్ళు బైపాస్ దగ్గర ఎవరికో ఇచ్చారట. మొదటివాళ్ళు కూడా అటే పోయారు. "అమ్మగారు మమ్మల్ని మానేయమనలేదండీ. ఉతకడానికేం లేక కూర్చున్నాం" అంది.

మా ఆవిడ ఆమెకి కాఫీ ఇచ్చింది. నన్ను గదిలోకి పొమ్మని కళ్ళతో చెప్పింది.

జూన్ 4

ఇల్లు అమ్మేశారు.

ఈ సంగతి నాకు మూడో మనిషి చెప్పాడు, పాల దుకాణం దగ్గర. ఊళ్ళో ఎవరి ఇల్లు అమ్ముడుపోయినా ముందు నాకు తెలిసేది ఒకప్పుడు.

వెళ్ళాను. వాళ్ళ గడప తొక్కి నెల దాటింది. బావ మెషిన్‌కి తాళ్ళు కడుతున్నాడు.

"కూర్చోండి బావగారూ" అన్నాడు. కుర్చీలు అప్పటికే కట్టేసి ఉన్నాయి.

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అందామనే అన్నాను. 'చెబితే ఆయన మళ్ళీ ఎవరితోనైనా మాటవరసకి అంటాడు' అంది మీ చెల్లెలు."

"ఎవరు కొన్నారు?"

"బిల్డరు. ఈ పాత డాబా పగలగొట్టి ఐదంతస్తులు వేస్తాడట. లిఫ్టుతో."

"ఐదా? ఈ వీధిలో ఐదెలా వేస్తాడు?"

"అనుమతి ఉందట బావగారూ. అన్నీ రూలు ప్రకారమే."

బావకి వెటకారం రాదు. చెల్లెలు లోపలి గదిలో ఉంది. పెట్టెకి టేపు అంటించే చప్పుడు వినపడుతోంది. నేను లేచేదాకా ఆ చప్పుడు ఆగలేదు. అన్ని పెట్టెలు ఆ ఇంట్లో లేవు.

జూన్ 5

మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. టేపు ప్లాను తీసి చూపించాడు. చుట్టూ వదలాల్సిన జాగా వదిలారు, సంతకాలున్నాయి, సీలుంది.

"నా ప్యానెళ్ళ మీద మధ్యాహ్నం నుంచి ఎండ పడదు" అన్నాను.

"ఎండ మీద ఎవరికీ హక్కు లేదు సార్. హక్కు స్థలం వరకే."

లేవబోతుంటే అతనే ఆపాడు. మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"ఒక మాట సార్. ఆ ట్యాంకు మీ చెల్లెలిగారిదని నాకు తెలీదు. తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదు. మీరెప్పుడూ బయటివాళ్ళ సంగతే కదా చెబుతారు!"

టీ చెప్పించాడు. తాగకుండా వచ్చాను.

జూన్ 8

ఇంజినీరుకి ఫోన్ చేశాను. ఐదంతస్తులంటే ఒంటిగంట దాటాక మొత్తం నీడేనట. పైగా వాళ్ళ కిటికీల్లోంచి చెత్త పడుతుంది, వల కట్టుకోమన్నాడు. ఇప్పుడు ఏ ప్యానెల్ తప్పించమంటావని అడిగాను. "మీ ఇంట్లో మేడమ్ గారు మొన్న ఫోన్ చేసి, పదీ వెనక్కి తీసుకుంటారా అని అడిగారండీ" అన్నాడు. తీసుకోరట.

జూన్ 11

చెల్లెలు పిట్టగోడ దగ్గర కనపడింది. తీగలు విప్పుకుంటోంది. ఇటువైపు కొక్కెం మా గోడకే ఉంది, దానికి చెయ్యి అందలేదు. నేను వెళ్ళి విప్పి ఇచ్చాను.

"అక్కడ నీళ్ళు బాగా వస్తాయా?" అన్నాను.

"ఒక్క గదిలో ఇద్దరం. ఎన్ని కావాలి."

"మెషిన్లు?"

"ఒకటి అమ్మాం. ఒకటి ఎవరూ కొనలేదు."

నేను చెప్పాల్సింది ఉంది. అది తీగ చుట్టుకుంటూ చుట్టుకుంటూ గోడ చివరిదాకా వెళ్ళి అక్కడ ఆగింది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది అన్నయ్యా. చిన్నప్పుడు తిట్టేవాడివిగా, నాకదేం కొత్తా?"

మెట్లు దిగిపోయింది. చెప్పాల్సింది ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

జూన్ 13, శనివారం

రేపు ఉదయం ఏడింటికి సామాన్ల లారీ. సందులో తిరగదు కాబట్టి మా గేటు బార్లా తీసి ఉంచమని బావ వచ్చి చెప్పాడు. ఎనిమిదిన్నరకి మా ఆవిడ కూడా వాళ్ళతో వెళ్తుంది, ఇల్లు సర్దిపెట్టడానికి. ఎప్పుడొస్తావంటే, సర్దడం అయ్యాక అంది. ఒక్క గది ఇల్లు.

సోమవారం తొమ్మిదింటికి బిల్డర్ మనుషులు పక్క డాబా పగలగొట్టడం మొదలుపెడతారు. మూడు వారాల పాటు దుమ్ము లేస్తుందట. ఆదివారం సాయంత్రంలోగా ప్యానెళ్ళ మీద మందపాటి దుప్పట్లు ఏవైనా కప్పి కట్టుకోమని చెప్పి వెళ్ళారు.